మద్యం: తెలిసిన కీడు, నిలవని చట్టం

 



మద్యం నిషిద్ధమని ఈ మస్జిదులో కూర్చున్న వారెవరికీ నేను కొత్తగా చెప్పనవసరం లేదు. మక్తబుకు వచ్చే ఆరేళ్ళ పిల్లవానికీ ఆ సంగతి తెలుసు. అది ఆరోగ్యానికి హానికరమని తాగేవానికి కూడా తెలుసు. 2019 నుండి దేశంలో ప్రతి సీసా మీద ఆ హెచ్చరిక ముద్రించి అమ్ముతున్నారు. అందుచేత ఈ వారం నేను హరామ్ హలాల్ మస్‌అలా చెప్పబోవడం లేదు, ఒక చరిత్ర చెప్పదలచుకున్నాను. అందరికీ తెలిసిన కీడు చట్టంగా ఎప్పుడు మారుతుంది, మారిన చట్టం ఎందుకు నిలబడదు అన్న ప్రశ్నకు సంబంధించిన చరిత్ర అది. మదీనాలో మొదలై మన ఆదోని, ఎమ్మిగనూరుల దాకా వస్తుంది.

మదీనా సంగతి మీరు విన్నదే, అయినా ఒక కోణం నుండి మళ్ళీ వినండి. మద్యాన్ని గురించిన ఆజ్ఞ ఒక్కనాటితో దిగలేదు. మొదట సూరహ్ బఖరాలో, మద్యంలోనూ జూదంలోనూ మనుషులకు కొంత లాభం లేకపోలేదని, కాని వాటి పాపం లాభం కంటే పెద్దదని తెలుపబడింది. ఆ తరువాత సూరహ్ నిసాలో మత్తులో ఉండి నమాజును సమీపించవద్దని ఆదేశం వచ్చింది. రోజుకు ఐదు పూటల నమాజు చేసే సమాజంలో ఈ ఒక్క ఆదేశంతోనే తాగే వేళలు సన్నగిల్లాయి. చివరకు సూరహ్ మాయిదాలో సంపూర్ణ నిషేధం అవతరించింది. మొట్టమొదటే మద్యం మానండి అని ఆదేశించి ఉంటే జనం ఎన్నటికీ మానము అని ఉండేవారని హజ్రత్ ఆయిషా (ర) చెప్పిన మాట సహీహ్ బుఖారీలో ఉంది. ముందు స్వర్గ నరకాల ప్రస్తావనతో హృదయాలు సిద్ధమయ్యాయని, ఆ తరువాతే ఆజ్ఞలు వచ్చాయని ఆమె వివరించారు.

నిషేధం ప్రకటించిన రోజున యువకుడైన హజ్రత్ అనస్ (ర), అబూ తల్హా (ర) ఇంట అతిథులకు మద్యం పోస్తున్నారు. వీధిలో చాటింపు వినపడింది. ఉన్నదంతా పారబోయమని అబూ తల్హా (ర) చెప్పారు. మదీనా సందుల్లో మద్యం పారింది. తనిఖీకి ఎవరూ రాలేదు.

దీనికి అనుబంధంగా ఉన్న ఇంకొక ఉల్లేఖనం మీద మనం అంతగా దృష్టి పెట్టము. వారసత్వంగా మద్యం సంక్రమించిన అనాథలను గురించి అబూ తల్హా (ర) ప్రవక్త (స)ను అడిగారు. పారబోయమన్నారు. సిర్కాగా మార్చుకోవచ్చునా అని అడిగారు. వద్దన్నారు. అనాథల ఆస్తి విషయంలో ఖుర్ఆన్ ఎంత కఠినంగా హెచ్చరిస్తుందో మీకు తెలుసు. అటువంటి అనాథల నష్టాన్ని కూడా ఈ విషయంలో సాకుగా అంగీకరించలేదు. ఈ మాటను జ్ఞాపకం పెట్టుకోండి, మన రాష్ట్రానికి వచ్చినప్పుడు మళ్ళీ పనికి వస్తుంది.

మనసులు సిద్ధం కాకుండా కొరడాతో చేసిన నిషేధం ఎలా ఉంటుందో ఢిల్లీ చరిత్ర చెబుతుంది. అలాఉద్దీన్ ఖిల్జీ మద్యాన్ని నిషేధించి, తన సొంత పానపాత్రలను పగులగొట్టించి, బదాయూఁ ద్వారం దగ్గర పారబోయించాడని చరిత్రకారుడు జియాఉద్దీన్ బరనీ రాశాడు. పట్టుబడిన వారిని గోతులు తవ్వించి అందులో వేయించేవాడు. అయినా తోలుతిత్తుల్లో, గడ్డిమోపుల్లో, కట్టెల బరువుల్లో దాచి సారాయి నగరంలోకి వస్తూనే ఉండేది. చివరికి సుల్తాను కూడా, ఇంట్లో కాచుకుని ఇంట్లోనే తాగేవారి జోలికి పోవద్దని సడలింపు ఇవ్వక తప్పలేదు. గడ్డిమోపు స్థానంలో పాలక్యాను పెట్టి చూడండి, మన సిరుగుప్ప రోడ్డు కనబడుతుంది.

ఇక మన గడ్డకు వద్దాం. సిద్ది మసూద్ ఖాన్ ఆదోనిలో షాహీ జామియా మస్జిద్ కట్టించిన పదిహేడవ శతాబ్దం నాటికే ఇది పత్తికీ, బట్టకూ పేరున్న సీమ. 1800లో నిజాం ఈ జిల్లాలను ఆంగ్లేయులకు దత్తం చేశాక ఆదోని బళ్ళారి జిల్లాలో తాలూకా అయింది. కంపెనీ వారు సారాయి అమ్మే హక్కును వేలం వేశారు, కల్లు తీసే చెట్టుకు పన్ను వేశారు. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. ఫారసీలో ఆబ్ అంటే నీరు, కారీ అంటే పని. నీటిపని అన్న ఆ అమాయకమైన మాట వెనుక ప్రభుత్వ ఖజానాకు ఎడతెగని ఊట దొరికింది. తాగుడు వల్ల కలిగే నష్టం ఆంగ్లేయులకు తెలియక కాదు. మన ప్రాంతంలో మద్యం కథను నడిపించినది అజ్ఞానం కాదు, ఆదాయం. మిగిలిన చరిత్రను ఆ ఒక్క వెలుగులో చూడండి.

1937 అక్టోబరు 1న మద్రాసు ప్రధానిగా ఉన్న రాజగోపాలాచారి సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించారు. దానిని మరి కొన్ని జిల్లాలకు విస్తరింపజేస్తూ, ఖజానాకు పడే గండి పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను చట్టం తెచ్చారు. మద్యం మీద ఆదాయం వదులుకోవాలంటే ప్రభుత్వానికి వేరొక ఆదాయం ఉండాలని ఆయన గ్రహించారు. ఈ దేశంలో మద్యనిషేధం గురించి మాట్లాడిన వారిలో లెక్క ముందు వేసి తరువాత మాట్లాడిన వారు బహు కొద్దిమంది. ఆ గుణం వల్లనే రాజాజీని గౌరవిస్తాను, ఆయన ఇతర రాజకీయాలతో నాకు ఎన్ని విభేదాలున్నా. అయితే తమాషా చూడండి. నిషేధం కోసం పుట్టిన అమ్మకపు పన్ను, నిషేధం పోయాక కూడా పోలేదు.

స్వాతంత్ర్యం తరువాత 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం అమలులోకి వచ్చింది. 1950లో అమలైన రాజ్యాంగం 47వ అధికరణంలో, ఆరోగ్యానికి హాని కలిగించే మత్తు పానీయాలను ఔషధ అవసరాలకు తప్ప నిషేధించడానికి రాజ్యం కృషి చేయాలని నిర్దేశించింది. అంటే వైద్యశాస్త్రం చెప్పే మాట ఈ దేశపు అత్యున్నత గ్రంథంలో 75 ఏళ్ళుగా ఉంది. కాని అది ఆదేశిక సూత్రం మాత్రమే, కోర్టుకు వెళ్ళి అమలు చేయించుకోగల హక్కు కాదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. బళ్ళారి జిల్లా నుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి. కర్నూలు రాజధాని అయింది. ఆ రాజధానిలో కూలిన మొదటి ప్రభుత్వం మద్యనిషేధం మీదనే కూలిందని మన యువకులలో ఎందరికి తెలుసు? నిషేధం అమలు ఎలా ఉందో చూడడానికి ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఎస్.వి.రామమూర్తి అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. దొంగసారా ప్రబలిందని, గీత కార్మికులు బతుకుతెరువు కోల్పోయారని అప్పటికే ఆందోళనలు సాగుతున్నాయి. నిషేధం ఎత్తివేయడమే మేలని సంఘం సిఫారసు చేసింది. ప్రభుత్వం ఎటూ తేల్చలేకపోయింది. 1954 నవంబరు 6న శాసనసభలో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది.

ఈ సంఘటనను మతపరమైన కోపంతో చూడడం సులభం. నేను అలా చూడను. మన వాగుల వెంట ఈతచెట్లు ఎక్కి పిల్లలను సాకిన ఈడిగ సోదరుడు మద్యాన్ని కనిపెట్టినవాడు కాడు. తరతరాలుగా అతనికి తెలిసిన పని అది. చట్టం అతని చేతి కత్తిని తీసుకుంది గాని ఆ చేతికి మరొక పనిముట్టు ఇవ్వలేకపోయింది. తాటిబెల్లం తయారీ వంటి ప్రయత్నాలు జరిగినా వాటితో ఇళ్ళు నిలబడలేదు. సరిగ్గా ఆ తరంలోనే, 1938లో, ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం స్థాపించి నేతగానికి నూలు, కూలి, అమ్మకం ఒకచోట సమకూర్చారు. అటువంటి ఆలోచన గీత కార్మికుని కోసం ఎవరైనా అంత పట్టుదలతో చేసి ఉంటే 1954 ఓటు ఎటు పడేదో అని నాకు తరచుగా అనిపిస్తుంది.

1960ల చివరికి నిషేధం పోయి, 1968 ఆబ్కారీ చట్టం మిగిలింది. 1980లలో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో నింపించి పల్లెపల్లెకూ చేర్చింది. కల్తీ అరికట్టడం కోసమన్నారు. వాహిని అంటే ప్రవాహం. పేరు మాత్రం అబద్ధం కాదు.

ఆ ప్రవాహానికి అడ్డుకట్ట వేసింది ఏ వైద్య సంఘమూ కాదు. నెల్లూరు జిల్లాలో 1991లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలయింది. రాత్రి బడులలో పగలంతా కూలి చేసిన ఆడవాళ్ళు అక్షరాలు దిద్దారు. వారి వాచకంలో తాగుబోతు భర్త చేతిలో నలిగిన సీతమ్మ కథ ఒక పాఠం. ఆ కథ ఎవరిదో వారికి ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. కలిగిరి మండలం దూబగుంటలో స్త్రీలు వర్ధినేని రోశమ్మ ముందు నడవగా సారా దుకాణం మూయించారు. ఆ విజయం 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న మరొక పాఠమై ఇతర గ్రామాలకు చేరింది. 1992లో సారా వేలంపాటలు జరగనీయకుండా కలెక్టరు కార్యాలయం ముందు వేలమంది స్త్రీలు నిలబడ్డారు. ప్రభుత్వం వేలాన్ని వాయిదా మీద వాయిదా వేసింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. తాగుడు కీడని ఆ స్త్రీలకు పుస్తకం చూసిన తరువాత తెలిసిందా? ఒంటి మీద దెబ్బల రూపంలో ముందే తెలుసు. పుస్తకం చేసిన పని వేరు. విడివిడిగా ఒక్కొక్క ఇంటి సిగ్గుగా ఉన్నదానిని అందరి విషయంగా మార్చింది. సిగ్గు ఇంటి లోపల ఉన్నంతకాలం ఏ ప్రభుత్వానికీ అది వినబడదు. వీధిలోకి వచ్చి వేలం పీట ముందు కూర్చున్నప్పుడు వినబడింది.

1992 అక్టోబరులో ముఖ్యమంత్రి అయిన కోట్ల విజయభాస్కరరెడ్డి మన కర్నూలు జిల్లావారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధమయింది. సీసా మద్యం మాత్రం మిగిలింది. కూలివాని కడుపు కాల్చేది నేరం, దొరవారి కడుపు కాల్చేది వ్యాపారం. 1994 డిసెంబరులో ఎన్.టి.రామారావు ప్రమాణస్వీకార వేదిక మీదనే సంపూర్ణ నిషేధం ఫైలుపై సంతకం చేశారు. వారుణి వాహిని నడిపింది కూడా ఆయన ప్రభుత్వమే. మనిషి తన తప్పు దిద్దుకుంటే దానిని లెక్కలోకి తీసుకోవాలి. 1995 జనవరి 16న నిషేధం అమలులోకి వచ్చింది. 1997 ఏప్రిల్‌లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఖజానా నష్టాన్ని, దొంగ రవాణాను కారణాలుగా చూపి దానిని సడలించింది.

ఆ రెండేళ్ళు ఆదోనిలో ఉన్నవారికి దొంగ రవాణా అంటే ఏమిటో తెలుసు. మన నిషేధానికి గోడ లేదు. మాధవరం దాటితే రాయచూరు జిల్లా, ఆలూరు దాటితే బళ్ళారి జిల్లా. కర్ణాటక కూడా 2007 జూలైలో సారాను నిషేధించింది. దానితో చవక మద్యం టెట్రా ప్యాకెట్లలోకి మారింది. 2019 తరువాత మన వైపు ధరలు పెరగగానే ఆ ప్యాకెట్లే సరిహద్దు దాటి కోసిగి, కౌతాళం, హాలహర్వి గ్రామాలకు వచ్చాయి.

ఆ 2019 సంగతి కూడా చెప్పుకోవాలి. దశలవారీ నిషేధం వాగ్దానంతో వచ్చిన ప్రభుత్వం ఆ అక్టోబరు 1న ప్రైవేటు దుకాణాలు తీసేసి తన కార్పొరేషన్ ద్వారా తానే అమ్మకానికి కూర్చుంది. 2020 మే నెలలో ధరలను 75 శాతం దాకా పెంచింది. ధర పెంచడం తప్పు విధానం కాదు. స్కాట్లాండులో 2018 మే నుండి మద్యానికి కనీస ధర నిర్ణయించాక, మద్యం వల్లనే సంభవించే మరణాలు ఉండవలసిన దానికంటే సుమారు 13 శాతం తగ్గాయని అక్కడి ప్రజారోగ్య శాఖ పరిశీలనలో తేలింది. అయితే అక్కడ ధర పెంచినది తాగుడు తగ్గించడానికి. మన దగ్గర 2022లో అదే కార్పొరేషన్ రాబోయే మద్యం ఆదాయాన్ని ఆధారంగా చూపి బాండ్ల ద్వారా 8,000 కోట్ల రూపాయలకు పైగా అప్పు తెచ్చింది. తాగుడు తగ్గిస్తామన్నవారు రేపటి తాగుడును తాకట్టు పెట్టారు. 2024లో వచ్చిన ప్రభుత్వం అక్టోబరు 16 నుండి 3,396 ప్రైవేటు దుకాణాలు తెరిపించి, 99 రూపాయలకు సీసా అందుబాటులోకి తెచ్చింది. నేను ఏ పార్టీ తరఫునా మాట్లాడడం లేదు. ఇద్దరి లెక్కల పుస్తకమూ ఒకటే.

2017లో జి.ఎస్.టి. వచ్చాక రాష్ట్రాలు తమంత తాము వేసుకోగల పన్నులు కొద్దిగా మిగిలాయి. తాగే మద్యాన్ని రాజ్యాంగమే జి.ఎస్.టి. బయట ఉంచింది. అందుకే ఏ ముఖ్యమంత్రికైనా దాని మీద చేయి వేయడం కష్టం. ఈ డబ్బుతోనే పేదలకు పింఛన్లు, పిల్లలకు చదువులు ఇస్తున్నామని అంటారు. అబూ తల్హా (ర) అడిగిన అనాథల ప్రశ్న ఇదే. లాభం లేదని ఖుర్ఆన్ కూడా అనలేదు, దేని కంటే ఏది పెద్దదో తూచి చూపింది.

ఆ తూకంలో రెండో తట్ట ఇప్పుడు లెక్కలతో సహా మన ముందు ఉంది. మద్యపానం క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే నిర్ధారించింది. ఆరోగ్యానికి ముప్పు లేని మోతాదు అంటూ ఏదీ లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. 2019 ఒక్క సంవత్సరంలో ప్రపంచంలో 26 లక్షల మరణాలు మద్యం వల్ల సంభవించాయని అదే సంస్థ అంచనా. మన దేశంలో సుమారు 16 కోట్ల మంది తాగుతున్నారని 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే చెప్పింది. ఆ 16 కోట్లలో కలిమా చదివినవారు లేరని ఎవరైనా అనుకుంటే వారు పత్తి మార్కెట్ యార్డు వెనుక వీధికి ఒక సాయంత్రం వెళ్ళి రావాలి. సుగ్గికి గుంటూరు మిరప తోటలకు పోయి, నెలల కూలి మూటకట్టుకుని తిరిగి వచ్చిన కుటుంబాల డబ్బు ఎన్నాళ్ళు నిలుస్తుందో అక్కడ తెలుస్తుంది.

సోదరులారా! ప్రభుత్వాల లెక్క చెప్పాను. నా లెక్క కూడా చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం రమజాన్ మూడో రోజు రాత్రి, తరావీహ్ తరువాత, ఒక హమాలీ ఇంటి నుండి కబురు వచ్చింది. వెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా తాగుతున్న మనిషి, నెలవంక కనబడిన రాత్రి తౌబా చేసి ఒక్కసారిగా మానేశాడు. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, గోడ మీద లేని పురుగులను దులుపుతున్నాడు, అంతకుముందే ఒకసారి మూర్ఛ వచ్చింది. ఇంటివారు ఏదో సోకిందన్నారు. నేనూ అదే అనుకున్నాను. కూర్చుని ఆయతులు చదివి ఊదాను, నీళ్ళు చదివి ఇచ్చాను. రెండు గంటలు పోయాయి. పక్కింటి కుర్రవాడు, మందుల దుకాణంలో పనిచేసేవాడు, వచ్చి చూసి, "ఇమాం సాహెబ్, ఇది సోకడం కాదు, తాగుడు ఒక్కసారి ఆపినందుకు వచ్చింది, ప్రాణం పోతుంది" అని ఆటో పిలిచాడు. ఆ రాత్రే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు.

అతడు బతికాడు, అల్హమ్దులిల్లాహ్. ఏళ్ళ తరబడి బాగా తాగినవారు హఠాత్తుగా మానితే మొదటి రెండు రోజులలో మూర్ఛలు, ఆ తరువాత మతిభ్రమ రావచ్చునని, వైద్యుని పర్యవేక్షణలో మందులతో, బి1 విటమిన్‌తో మాన్పించాలని నాకు డాక్టరు తరువాత చెప్పారు. ఇది వారికి ఎప్పటినుండో తెలిసిన విషయం. ముప్పై ఏళ్ళుగా మింబరు ఎక్కుతున్న నాకు ఎందుకు తెలియలేదు? మానండి అని ప్రతి రమజానుకు ముందూ చెప్పేవాడిని. ఎలా మానాలో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ మనిషి నా మాట విన్నందుకే చావు అంచుకు వెళ్ళాడు.

వారం తరువాత అతని భార్య మస్జిదు గేటు దగ్గర నిలబడి నాతో కోపంగా ఏమీ అనలేదు. "హజ్రత్, మా వీధిలో ఇటువంటి వాళ్ళు ఇంకా నలుగురున్నారు. వాళ్ళ ఆడవాళ్ళు మీ దగ్గరకు రావడానికి సిగ్గుపడుతున్నారు" అని మాత్రం అంది. దూబగుంట కథను నేను ఎన్నోసార్లు చెప్పాను. నా మస్జిదు గేటు దగ్గరే ఆ సిగ్గు నిలబడి ఉందని అప్పటిదాకా చూడలేదు.

అందుచేత షాబాన్ నెల మొదటి జుమా నాడే ఈ ఖుత్బా చదువుతున్నాను, రమజానుకు ముందు రోజు కాదు. తౌబా చేయదలచినవారికి వైద్యుని దగ్గరకు వెళ్ళడానికి కొన్ని వారాల వ్యవధి ఉంది. ఈ రోజు నమాజు తరువాత ఇద్దరు పెద్దలు, మందుల దుకాణం కుర్రవాడు వుజూఖానా పక్క గదిలో అసర్ వరకు కూర్చుంటారు. ఆసుపత్రికి తోడు వెళ్ళడం, ఆధార్ కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు సరిచూడడం, దారి ఖర్చులు వారు చూసుకుంటారు. పేర్లు ఎక్కడా రాయరు. స్త్రీల కోసం మస్జిదు వెనుక ఇంటిలో, రేపు ఉదయం పది గంటలకు, ఆ హమాలీ భార్యే కూర్చుంటుంది. మన వీధి బడికి దగ్గరలో తెరిచిన దుకాణాన్ని అక్కడి నుండి మార్చమని కోరే అర్జీ కూడా ఆమె దగ్గరే ఉంది. దాని మీద మొదటి సంతకాలు ఈడిగ వీధి స్త్రీలు చేశారు.